కాలేజీ పిల్లల శారీరక శ్రమను కొలవడం: డెల్టాలో సర్వే చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు డిగ్రీ, ఇంజనీరింగ్, నర్సింగ్, పీజీ చదివేవాళ్లలో ఏటా కొందరు ప్రాజెక్టు కోసం ఈ అంశం ఎంచుకుంటారు. డేటా అంతా నింపుకుని ఎక్సెల్ షీటుతో నా దగ్గరికి వస్తారు. అప్పటికే జరగాల్సిన తప్పులు జరిగిపోయి ఉంటాయి. అవి లెక్కల్లో కన్నా అడిగిన మాటల్లోనే ఎక్కువ. అందుకని పదేపదే వచ్చే ప్రశ్నల్ని ఇక్కడ రాసి పెట్టాను. ప్రశ్నపత్రం జిరాక్స్ తీయించక ముందే చదివితే మంచిది.

“మీరు వ్యాయామం చేస్తారా?” అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోదా?

సరిపోదు. మొదట్లో నేనూ అలాగే అడిగాను. కోనసీమలోని ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి, డిగ్రీ మొదటి సంవత్సరం, “లేదండి, నేనేం ఎక్సర్‌సైజ్ చెయ్యనండి” అంది. “లేదు” దగ్గర టిక్కు పెట్టుకున్నాను. తర్వాత మాటల్లో తెలిసింది: పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతుంది. చేతిపంపు దగ్గర నుంచి ఆరేడు బిందెలు మోస్తుంది. బస్సు కోసం కాలవగట్టు మీద ఇరవై నిమిషాలు నడుస్తుంది, సాయంత్రం మళ్లీ అంతే. ఆ వెనకే వచ్చిన కుర్రాడు “ఆయ్, చేస్తానండి, జిమ్‌కి వెళ్తున్నాను” అన్నాడు. ఫీజు కట్టి మూడు వారాలైంది, వెళ్లింది నాలుగుసార్లు. నా కాగితం మీద ఆ అమ్మాయి కదలని మనిషి, ఈ కుర్రాడు చురుకైనవాడు.

మనకి వ్యాయామం అంటే పనిగట్టుకుని చేసేది. దండీలు, బస్కీలు, జిమ్, యోగా, వాకింగ్. ఇంటి పని, పొలం పని, నడక, సైకిలు ఆ మాటలోకి రావు. శరీరానికి మాత్రం ఆ తేడా తెలియదు. కాబట్టి పేరు పెట్టి అడక్కుండా, ఏ పని, ఎన్ని రోజులు, రోజుకి ఎంతసేపు అని అడగాలి.

మరి తెలుగులో ఏ మాట వాడాలి?

“శారీరక శ్రమ” పుస్తకం మాటే అయినా అందరికీ అర్థమవుతుంది. పక్కనే “ఒళ్లు కదిలే పని ఏదైనా” అని ఒక ముక్క చేర్చండి. ఇబ్బంది పెట్టేవి దాని స్థాయిలు చెప్పే మాటలు. “మధ్యస్థ తీవ్రత గల శారీరక కార్యకలాపం” అని రాస్తే నింపేవాళ్లు ఆ వరస వదిలేసి కిందికి వెళ్లిపోతారు. “ఆయాసం వచ్చే పని” అంటే ఇంకో చిక్కు: ఆయాసం మన దగ్గర జబ్బు పేరు కూడా. “నాకు ఆయాసం లేదండి” అని జవాబు వస్తుంది.

నేను వాడేది ఇది. మోస్తరు శ్రమ: మామూలు కన్నా కొంచెం గట్టిగా ఊపిరి తీసుకుంటాం, మాట్లాడగలం కానీ పాట పాడలేం. గట్టి శ్రమ: నాలుగు మాటలు అనేసరికి ఊపిరి కోసం ఆగాలి. మాట్లాడుతూ చూసే ఈ పరీక్షను ప్రపంచమంతా వాడతారు, మనకీ సరిగ్గా సరిపోతుంది. ఉదాహరణలు మాత్రం మన ఊరివే ఇవ్వండి. బాస్కెట్‌బాల్, టెన్నిస్ బదులు కబడ్డీ, వాలీబాల్, షటిల్, ఎదురుగాలిలో సైకిలు, బకెట్‌తో మేడ ఎక్కడం, బట్టలు ఉతకడం, నాట్లు, కోతలు, వరి మోపులు మోయడం.

ప్రశ్నల్ని మీరే తెలుగు చేసుకుంటే ఇద్దరు విడివిడిగా అనువదించాలి, ఇంగ్లీషు మూలం చూడని మూడో మనిషి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చాలి. ఆ తర్వాత పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నకీ “నీకేం అర్థమైంది?” అని అడగాలి. ఈ చివరి పని చేయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. దాన్నే అందరూ ఎగ్గొడతారు.

“పోయిన వారం” అని రాయొచ్చా?

వద్దు. బుధవారం నాడు “పోయిన వారం” అంటే కొందరు మొన్న ఆదివారంతో అయిపోయిన వారాన్ని తలుచుకుంటారు, కొందరు ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కపెడతారు. “నిన్నటితో కలిపి వెనకటి 7 రోజుల్లో” అని రాయండి. ఎదురుగా కూర్చుని అడిగేటట్టయితే ముందు ఆ రోజుల్ని గుర్తు చేయించండి: నిన్న క్లాసులెన్ని, ఆదివారం ఎక్కడున్నావు, ఏ రోజు వాన పడింది.

ఐప్యాక్, జీప్యాక్ అంటారే, అవేంటి? ఏది వాడాలి?

ముందుగా ఒక మాట: మన రాష్ట్రంలో ఐప్యాక్ అనగానే ఎన్నికల సర్వేలు గుర్తొస్తాయి. ఒకసారి మా పిల్లలు ఫారం మీద ఆ పేరు పెద్దక్షరాల్లో వేసుకెళ్తే, హాస్టల్లో సగంమంది “మేం ఎవరికి ఓటేస్తామో చెప్పం” అన్నారు. ఫారం పైన ఆ పేరు వేయకండి.

ఇక్కడ ఐప్యాక్ (IPAQ) అంటే అంతర్జాతీయ శారీరక శ్రమ ప్రశ్నావళి. 15 నుంచి 69 ఏళ్ల వాళ్ల కోసం తయారు చేశారు. చిన్న రూపంలో 7 ప్రశ్నలు, పెద్ద రూపంలో 27. చిన్నది వెనకటి 7 రోజుల్లో గట్టి శ్రమ, మోస్తరు శ్రమ, నడక, కూర్చున్న సమయం అడుగుతుంది. 12 దేశాల్లో దీన్ని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. అదే మనిషిని మళ్లీ అడిగినప్పుడు జవాబులు బాగానే కలిశాయి, సహసంబంధం (1 అయితే పూర్తిగా కలిసినట్టు, 0 అయితే అసలు కలవనట్టు) 0.8 దాకా వచ్చింది. ఒంటికి పరికరం కట్టి పోల్చినప్పుడు మాత్రం 0.3 దగ్గరే ఆగింది. అంటే గుంపుల్ని పోల్చడానికి పనికొస్తుంది కానీ ఫలానా విద్యార్థి ఇంత కదిలాడు అని ఖాయంగా చెప్పడానికి పనికిరాదు.

జీప్యాక్ (GPAQ) ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన ఇలాంటి ప్రశ్నావళే. 16 ప్రశ్నలు. పని, రాకపోకలు, ఖాళీ సమయం అని విడదీసి, కూర్చోవడాన్ని విడిగా అడుగుతుంది. 7 రోజులని కాకుండా “మామూలుగా ఒక వారంలో” అని అడుగుతుంది.

మన డెల్టా పిల్లలకైతే నేను జీప్యాక్ వైపే మొగ్గుతాను. ఇక్కడ శ్రమలో పెద్ద వాటా ఇంటి పనిది, పొలం పనిది, రాకపోకలది. ఏది ఎంతో విడిగా తెలియకపోతే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. టైమ్ లేదు, క్లాసుకి పది నిమిషాలే ఇచ్చారు అంటే ఐప్యాక్ చిన్న రూపం తీసుకోండి. రెండింటి నుంచి సగం సగం ప్రశ్నలు ఏరి కలపకండి. స్కోరు కట్టే పద్ధతి ఏదీ దానికి వర్తించదు.

మెట్ అంటే ఏమిటి? లెక్క ఎలా కట్టాలి?

ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తి 1 మెట్. కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అని లెక్క. ఐప్యాక్‌లో నడకకి 3.3, మోస్తరు శ్రమకి 4, గట్టి శ్రమకి 8 మెట్‌లు. మెట్‌ని నిమిషాలతోనూ రోజులతోనూ గుణిస్తే వారానికి మెట్-నిమిషాలు వస్తాయి.

హాస్టల్లో ఉండే ఒక కుర్రాణ్ణి తీసుకుందాం. రోజూ 20 నిమిషాలు నడుస్తాడు: 3.3 × 20 × 7 = 462. వారంలో మూడు రోజులు అరగంట సైకిలు తొక్కుతాడు: 4 × 30 × 3 = 360. శని, ఆదివారాల్లో గంటేసి కబడ్డీ: 8 × 60 × 2 = 960. మొత్తం 1782.

ఇప్పుడు వర్గం. ఎక్కువ చురుకు అనాలంటే గట్టి శ్రమ కనీసం 3 రోజులు ఉండి మొత్తం కనీసం 1500 రావాలి, లేదా నడకతో కలిపి 7 రోజులూ ఏదో ఒకటి చేసి కనీసం 3000 రావాలి. మన కుర్రాడు 1500 దాటాడు కానీ గట్టి శ్రమ రెండు రోజులే. 7 రోజులూ నడిచాడు కానీ 3000 లేదు. కాబట్టి మధ్య వర్గంలోనే ఉంటాడు. అందులోకి రావడానికి మూడు దారులున్నాయి: 3 రోజులు 20 నిమిషాల చొప్పున గట్టి శ్రమ, లేదా 5 రోజులు అరగంట చొప్పున మోస్తరు శ్రమో నడకో, లేదా ఏవి కలిపినా 5 రోజులకి 600 మెట్-నిమిషాలు. ఇవేవీ లేనివాళ్లు తక్కువ వర్గం. ఎక్సెల్‌లో ఒక్క 1500 అంకె చూసి “ఎక్కువ” అని ఫార్ములా రాసేసిన ప్రాజెక్టులు చాలా చూశాను. రోజుల షరతు కూడా రాయాలి.

కూర్చున్న సమయాన్ని ఇందులో కలపకూడదు, విడిగా చూపించాలి. మంచం మీద పడుకుని ఫోన్లో వీడియోలు చూడటం కూర్చోవడం కిందికే వస్తుంది. నిద్ర రాదు.

ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ఎక్కడ తప్పులు దొర్లుతాయి?

నూటికి తొంభై పాళ్లు సమయం దగ్గరే. “గంటన్నర” అనుకుని పిల్లవాడు 1.30 అని రాస్తాడు. ఎక్సెల్ దాన్ని ఒకటీ పాయింట్ మూడు గంటలుగా తీసుకుంటుంది. 90 నిమిషాలు కాస్తా 78 అవుతాయి. “45” అని మాత్రమే రాస్తే అది నిమిషాలే అనుకుంటాం, కానీ “2”? రెండు గంటలా, రెండు నిమిషాలా? ఫారంలోనే గంటలకి ఒక గడి, నిమిషాలకి ఒక గడి విడిగా పెట్టండి. ఈ ఒక్క మార్పుతో సగం తలనొప్పి పోతుంది.

రెండో తప్పు, రోజుకి ఎంతసేపు అంటే వారం మొత్తం కలిపి రాయడం. 7 రోజులు, రోజుకి 420 నిమిషాలు నడిచానని ఉంటే అతను రోజూ గంట నడిచాడని ఊహించొచ్చు. అయినా మీ అంతట మీరు దిద్దకూడదు. మనిషి దొరికితే వెళ్లి అడగాలి.

ఐప్యాక్ నియమం ప్రకారం ఏ రకం శ్రమైనా రోజుకి 180 నిమిషాలు దాటితే 180కి కుదిస్తారు. మూడూ కలిపి రోజుకి 960 నిమిషాలు, అంటే 16 గంటలు దాటితే ఆ ఫారం పక్కన పెడతారు. ఈ కుదింపు మీద నాకో ఫిర్యాదు ఉంది. సార్వా (ఖరీఫ్) కోతల్లో నాన్నకి సాయంగా పొలంలోకి దిగిన పిల్లవాడు ఐదారు గంటలు పనిచేయడం అతిశయోక్తి కాదు, అక్షరాలా నిజం. నియమం అతనికీ మూడు గంటలే ఇస్తుంది. నియమం పాటించండి, కానీ అలా కుదించిన ఫారాలెన్నో, వాటిలో పొలం పనివాళ్లెందరో రిపోర్టులో రాయండి.

అసలు ఎంత శ్రమ ఉంటే చాలు అంటారు?

18 నుంచి 64 ఏళ్ల వాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, లేదా రెండూ కలిపి అంతకి సమానంగా. దీనికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును అందులో తీసేశారు. ఐప్యాక్ ప్రశ్నల్లో మాత్రం ఆ 10 నిమిషాలు ఇంకా ఉన్నాయి, వాటిని మీరు తీసేయకండి.

ఎవరూ పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. ఇంటర్ అవగానే చేరిన మొదటి సంవత్సరం పిల్లల్లో చాలామందికి 17 ఏళ్లే. వాళ్లకి వర్తించేది 5 నుంచి 17 ఏళ్ల వాళ్ల సూచన: వారం మొత్తం మీద సగటున రోజుకి 60 నిమిషాలు. పుట్టిన తేదీ అడగకుండా అందరికీ 150 పెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఫోన్లో స్టెప్పులు కనిపిస్తాయి కదా, అవి తీసుకుంటే పోలేదా?

అదనంగా తీసుకోండి. దాని మీదే ఆధారపడకండి. ఫోన్ మనిషితో పాటు ఉన్నప్పుడే లెక్కపెడుతుంది. వాలీబాల్ ఆడేటప్పుడు ఫోన్ బ్యాగులో ఉంటుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయి ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది. కొన్ని కాలేజీల్లో ఫోన్ లోపలికి రానివ్వరు. సైకిలు తొక్కితే సరిగ్గా ఎక్కదు. గోతుల రోడ్డు మీద బైకు కుదుపులకి ఎక్కాల్సినవి కాని స్టెప్పులు ఎక్కుతాయి. అబ్బాయిల ఫోన్ జేబులో, అమ్మాయిల ఫోన్ హ్యాండ్‌బ్యాగులో ఉంటే మీకు కనిపించే తేడాలో కొంత జేబుదే.

10,000 అడుగుల సంగతి కూడా అడుగుతుంటారు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరే “పదివేల అడుగుల మీటరు”. అంకె అక్కడి నుంచి వచ్చింది, వైద్య పరిశోధన నుంచి కాదు.

యాక్సిలరోమీటర్ లేకపోతే ప్రాజెక్టుకి విలువ ఉండదా?

ఉంటుంది. యాక్సిలరోమీటర్ అంటే ఒంటి కదలికను కొలిచే చిన్న పరికరం. అది దొరికితే అదృష్టమే. నడుముకి కట్టి 7 రోజులు ఉంచుతారు. రోజుకి కనీసం 10 గంటలు కట్టుకున్న రోజుల్నే లెక్కలోకి తీసుకుని, అలాంటివి 4 ఉంటే ఆ మనిషి డేటాను ఉంచడం మామూలు పద్ధతి. అందులో ఒక సెలవురోజు ఉండేలా చూస్తారు. కానీ దానికీ గుడ్డిచోట్లున్నాయి. నిమిషానికి 1952 కౌంట్లు (కదలికకి పరికరం వేసే అంకెలు) దాటితే మోస్తరు శ్రమ అని 1998లో ఫ్రీడ్‌సన్ బృందం ఇచ్చిన హద్దు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరిగెత్తించి కట్టినది. మోకాలి లోతు బురదలో నడుం వంచి నాట్లు వేసే మనిషి నడుము పెద్దగా కదలదు. చేతులూ కాళ్లూ నడుమూ పీకేస్తుంటే మీటరు మాత్రం తీరిగ్గా ఉన్నట్టు చూపిస్తుంది. సైకిలుకీ అదే గతి. కాబట్టి పరికరం ఉన్నా పక్కన ఒక చిన్న డైరీ రాయించండి.

సర్వే ఏ నెలలో చేస్తే మంచిది?

సంక్రాంతి వారం వద్దు. అందరూ ఊళ్లో ఉంటారు, బరుల దగ్గర నిలబడతారు, అరిసెలు తింటారు. ఏ వారానికీ అది పోలిక కాదు. పరీక్షల ముందు వద్దు. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం ఎవరూ గ్రౌండ్‌లోకి దిగరు. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంకల పిల్లలు కాలేజీకే రారు, అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం. ఇక మిగిలిందేమిటని అడుగుతారు. సంక్రాంతి వేడి తగ్గిన జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా నాకు నచ్చిన కాలం. వీలైతే వానల్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి, అదే పిల్లల దగ్గర. ఒక్కసారే చేస్తే ఏ తేదీల్లో చేశారో, అప్పుడు సార్వా కోతలా, దాళ్వా (రబీ) నాట్లా అన్నది రిపోర్టులో ఉండాలి.

ఎంతమందిని తీసుకోవాలి? గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే?

చురుకుగా లేనివాళ్ల శాతం ముందే తెలియనప్పుడు సగం అనుకుని, 5 శాతం తేడాతో, 95 శాతం నమ్మకంతో కడితే 384 వస్తుంది. అది పిల్లల్ని ఒక్కొక్కరినీ చీటీ తీసి ఎంచుకుంటేనే. మనం సెక్షన్లకి సెక్షన్లే తీసుకుంటాం. ఒక సెక్షన్ పిల్లలు ఒకేలా ఉంటారు కాబట్టి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 576 పెట్టుకోవడం మేలు.

అంకె కన్నా ఎవరు అన్నదే ముఖ్యం. మధ్యాహ్నం మూడింటికి క్లాసులో ఉన్నవాళ్లనే అడిగితే, క్లాసు ఎగ్గొట్టి క్రికెట్ ఆడుతున్న బ్యాచ్ మీ లెక్కలో ఉండదు. టోర్నమెంటుకి వెళ్లిన కాలేజీ జట్టూ ఉండదు. వాట్సాప్ లింకు పెడితే ఆసక్తి ఉన్నవాళ్లే నింపుతారు, వాళ్లలో వాకింగ్ యాప్ వాడేవాళ్లు ఎక్కువ. హాజరు పట్టీ నుంచి పేర్లు తీసి, రానివాళ్ల కోసం ఇంకో రెండుసార్లు వెళ్లండి. హాస్టల్ వాళ్లూ, ఇంటి నుంచి వచ్చేవాళ్లూ విడివిడిగా తగినంతమంది ఉండాలి. హాస్టల్ నుంచి క్లాసుకి నాలుగడుగులు వేసేవాడికీ, సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం దిగి మళ్లీ నడిచేవాడికీ రాకపోకల లెక్క ఎక్కడా కలవదు.

పంటు మీద నిలబడింది లెక్కకొస్తుందా? బైకు మీద వెళ్తే?

రెండూ రావు. రేవు దాకా నడిచింది వస్తుంది.

పీడీ సార్ (ఆటల మాస్టారు) చేత అడిగిస్తే పిల్లలు బుద్ధిగా నింపుతారు కదా?

నింపుతారు. అందరూ ఆటగాళ్లయిపోతారు. పీడీ సార్ ముందు “నేను కదలనండి” అని ఎవరు రాస్తారు? వాళ్లకి మార్కులు వేయని మనిషి అడగాలి, ఫారం మీద రోల్ నంబరు బదులు కోడ్ ఉండాలి.

కాలేజీ అనుమతి ఒక్కటే చాలదు. ఎథిక్స్ కమిటీకి ముందే కాగితం పెట్టాలి. 18 నిండని పిల్లలుంటే వాళ్ల ఒప్పుకోలుతో పాటు అమ్మానాన్నల సంతకం కావాలి. మొదటి సంవత్సరం వాళ్లతో ఆఖరి నిమిషంలో టెన్షన్ పడేది ఇక్కడే. శుక్రవారం ఫారం ఇంటికి పంపితే సోమవారానికి సంతకాలు వస్తాయి.

గైడ్ క్రాన్‌బాక్ ఆల్ఫా అడుగుతున్నారు. ఐప్యాక్‌కి ఎంత రావాలి?

అసలు కట్టకూడదు. ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చూపే అంకె ఆల్ఫా. ఒకే గుణాన్ని రకరకాలుగా అడిగే ప్రశ్నలకే అది. నడక, గట్టి శ్రమ ఒకే గుణం కాదు. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే పిల్ల కబడ్డీ ఆడాలని ఏముంది? ఆల్ఫా తక్కువ వచ్చిందని ప్రశ్నలు తీసేసినవాళ్లు కూడా ఉన్నారు, పాపం. మీరు చూపించాల్సింది అదే మనిషిని కొన్ని రోజుల తేడాలో మళ్లీ అడిగినప్పుడు జవాబులు ఎంత కలిశాయన్నది. ఓ ముప్పై, నలభైమంది దగ్గర చేయండి. గైడ్ గారికి గొడవ పడకుండా ఈ పేరా చూపించండి.

సగటు ఇవ్వాలా, మధ్యమం ఇవ్వాలా?

మధ్యమం (అందరినీ వరసలో పెడితే నడిమధ్య వచ్చే విలువ), దాంతో పాటు 25వ, 75వ శాతాంకాలు. క్లాసులో అరవైమంది ఉంటే యాభైమంది వెయ్యి మెట్-నిమిషాల చుట్టూ ఉంటారు, నలుగురు కబడ్డీ జట్టువాళ్లు పదివేలు దాటతారు. ఆ నలుగురు సగటుని మోసుకుపోతారు. గణాంక పరీక్షల్లో, రెండు గుంపుల్ని పోల్చడానికి టీ-టెస్ట్ బదులు మాన్-విట్నీ, మూడు ఆపైన ఉంటే క్రుస్కాల్-వాలిస్, వర్గాలకి కై-స్క్వేర్.

ఫలితాలు పిల్లలకి చెప్పాలా?

చెప్పండి. కోడ్ ఉంది కాబట్టి ఎవరి చీటీ వాళ్లు తీసుకోవచ్చు: వారానికి ఎన్ని నిమిషాలు, ఏ వర్గం, అందులో ఇంటి పని ఎంత, నడక ఎంత, ఆట ఎంత. నేను పైన చెప్పిన అమ్మాయికి కొత్త ఫారంతో మళ్లీ లెక్క కడితే బిందెలూ ఊడ్చడం రోజుకి అరగంట, నడక 40 నిమిషాలు వచ్చింది. చీటీ చూసి, “నీళ్లు మోసింది కూడా వేశారేంటండి?” అని అడిగింది.